పుల్లమ్మకు దొరికిన వాయిదా

పొద్దున్నే వాన వెలిసింది. మా అన్నయ్య గేటుకు సంచి తగిలించి, లోపలికైనా రాకుండా వెళ్ళిపోయాడు. సంచిలో ఆరు మామిడిపళ్ళు. ఒకటి పిసికి, ముచ్చిక కొరికి నోట్లో పెట్టుకున్నాను. రసం మోచేతిదాకా కారింది. ఆ వాసనతో ఎక్కడికైనా వెళ్ళొచ్చుగానీ, నూజివీడులో ఒక్క మేడకు మాత్రం వెళ్ళకూడదు.

అది మా ప్రాంత చరిత్ర మ్యూజియం. మరీ పెద్దగా ఊహించుకోకండి. కింద రెండు గదుల్లో తూకపు రాళ్ళు, ఇత్తడి గిన్నెలు, ఫొటోలు. పైన లైబ్రరీ, దాని వెనక పాత కాగితాల బీరువాలు. వాటికి కాపలా ఒక రిటైరైన తెలుగు టీచరుగారు. నిరుడు వేసవిలో మొదటిసారి వెళ్ళినప్పుడు "చేతులు చాపండి" అన్నారు. బెత్తం దెబ్బేమోనని అరవై దాటిన నా గుండె గుభేలుమంది. ఆవిడ వంగి వాసన చూశారు. "బంగినపల్లి. కుళాయి మెట్ల కిందండీ, సబ్బుంది." కడుక్కొచ్చాక నా పెన్ను తీసేసుకుని పెన్సిలు ముక్క చేతిలో పెట్టారు.

నేను వెళ్ళింది ఒక చెట్టు ప్రాణం కోసం. ముసునూరు దగ్గర మా తోటలో, బావికి తూర్పున ఒక మామిడిచెట్టుంది. పుల్లమ్మ అన్నది మేం పెట్టిన పేరే. ఎన్నాళ్ళు మాగేసినా దాని కాయ పండదు, వడిలిపోతుంది. దాన్ని కొట్టించి షెడ్డు వేస్తానన్నాడు అన్నయ్య. పోయేముందు నాయనమ్మ "దాని జోలికి పోకండి" అందిగానీ, ఎందుకో చెప్పలేదు. ఆ మాటే అడ్డం వేశాను.

"ఏరా, నాయనమ్మ కాకరకాయ కూడా తియ్యగా ఉందనేది. కారణం చూపించు, ఆపుతాను. సోమవారం రంపం వాళ్ళొస్తున్నారు."

మా చుట్టుపక్కల తోటలన్నిటికీ అంట్లు కట్టిన తాత ఒకాయన ఉండేవాడు. ఆయన అంట్లు కట్టి పేరు తెచ్చుకున్నాడు, నేను మా ఇంట్లో అంట్లు తోమి తెచ్చుకున్నాను. ఆయన రాసుకున్న నోటుపుస్తకాల్ని బియ్యం డబ్బాలో దాచిన మనవరాలు చివరికి మ్యూజియానికి ఇచ్చిందట. ఏ తోట ఏ పుస్తకంలో ఉందో జాబితా లేదు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు కనపడకుండా చేసినవాణ్ణి, వెతకడం నాకు కొత్త. మూడు రోజులు పేజీలు తిప్పాను. శనివారం మధ్యాహ్నం, చెద తినగా మిగిలిన ఒక పేజీలో మా బావి కనపడింది.

"బావికి తూర్పు చెట్టు. తొలకరి పడ్డాకే కోయాలి. ముందు కోస్తే పండదు. రైతుకు చెప్పాను, వినలేదు. అమ్మగారు విన్నారు."

వానొస్తే కాయకు పురుగు పడుతుందని ఇక్కడ ఎవరూ అన్నాళ్ళు ఆగరు. నాయనమ్మ విన్నా మా తాత ఆగలేదు, నాన్నా ఆగలేదు. అందరి కాయతోపాటు దాన్నీ కోసి, పండలేదని దాన్నే తిట్టాం. పెన్సిలుతో నకలు రాసుకుని పరిగెత్తాను.

అన్నయ్య కాగితం వెనక్కీ ముందుకీ తిప్పాడు. "ఈ కోడిగీతలు నీవేగా. నువ్వే పుట్టించుంటావు."

సాయంత్రం బండెక్కించి లాక్కెళ్ళాను. మేడంగారు వాసన చూసి, "మీకు రెండుసార్లండీ" అన్నారు. తోటలన్నీ గడగడలాడించే మనిషి పిల్లాడిలా రెండుసార్లు మెట్లు దిగి ఎక్కాడు. ఆ నాలుగు ముక్కలు వేలు పెట్టి చదివాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏరా, ఈ చివరి ముక్క మీ వదినకి చెప్పకు" అన్నాడు. అక్కణ్ణుంచే రంపం వాళ్ళకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

తోటంతా ఖాళీ అయ్యాక పుల్లమ్మ ఒక్కతే కాయతో నిలబడింది. పక్క తోటల వాళ్ళు నవ్వారు. తొలకరి పడిన వారానికి చెట్టు కిందే నిలబడి తిన్నాం. కొన్నిటికి పురుగు పట్టింది, నిజమే. మిగిలినవి తేనె. అన్నయ్య నాలుగు తిని, ఆ చెట్టుకు అంట్లు కట్టే మనిషెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఇప్పుడు ఇరవై మొక్కలు లేచాయి. షెడ్డు ఇంకెక్కడో వేసుకున్నాడు.

ఈ పొద్దుటి పుల్లమ్మ పళ్ళలో ఒకటి మేడంగారికి పట్టుకెళ్ళాను. లైబ్రరీలోకి రానివ్వలేదు. మెట్ల కింద కుళాయి దగ్గరే నిలబడి టెంకదాకా తిన్నారు. తన చేతులు తనే వాసన చూసుకుని, మళ్ళీ సబ్బు అందుకున్నారు.

కాలం మించిపోయిందని ఈ మధ్య దేని గురించైనా అనేస్తున్నాను. పుల్లమ్మను చూశాక ఆ మాట కాస్త ఆపి అంటున్నాను. మూడు తరాలుగా తొందరపడింది మేమే. చెట్టు మాత్రం ఏటా తన వాన కోసం చూస్తూనే ఉంది.