సాంబ్రాణికి దొరికిన పర్మిషన్

పర్మిషన్ లేకుండా పొగ పెట్టకూడదంట. పొగ చూడకుండా పర్మిషన్ ఇవ్వరంట. ఇదేం తిరకాసో మా నాయనకి అర్థం కాలేదు. నాకైతే ఇప్పటికీ కాలేదు.

ఎనభైల్లో సంగతి. మా నాయన ఏళ్ళ తరబడి ఎవరెవరి క్వారీల్లోనో రాళ్ళు కొట్టి కొట్టి, చివరికి గురజాల పక్కన సొంతంగా ఒక సున్నపు బట్టీ కట్టాడు. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస, పైదాకా పేర్చాడు. ఇక ముట్టించడమే తరువాయి. అప్పుడే ఊడిపడింది, గాలి పాడవకుండా చూసే ఆఫీసు నుంచి కాయితం. పర్మిషన్ వచ్చేదాకా నిప్పు పెట్టొద్దని.

పదిరోజులు బట్టీ చల్లగా పడుంది. నూజెండ్ల నుంచి వచ్చిన కూలోళ్ళు, "శనివారం దాకా చూస్తాం అన్నా, ఆ తర్వాత మా దారి మాది" అని తేల్చేశారు. వాళ్ళు పోతే బట్టీ సంగతి అంతే. నాయన అన్నం ముట్టడం మానేశాడు.

శుక్రవారం ఆఫీసరు దిగాడు. చేతిలో ఒక అట్ట. దాని మీద తెలుపు నుంచి నలుపు దాకా వరసగా గళ్ళు. పొగ ఏ గడి రంగులో ఉందో చూసి రాసుకుంటాడంట.

"పొగ ఏదయ్యా?"

"మీరే ముట్టించొద్దన్నారు గదండీ."

"ముట్టిస్తే కేసు రాస్తా."

"మరెట్టాండీ?"

"ముందు పొగ చూపించు."

అరగంట ఇదే వరస. ఆ అట్ట లాక్కుని పొయ్యిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

మా నాయనమ్మకి ఇవేం పట్టవు. శుక్రవారం గదా, సాంబ్రాణి ధూపం పట్టుకుని బట్టీ చుట్టూ తిరుగుతోంది. తెల్లటి పొగ గుప్పున లేచింది. ఆఫీసరు మొహం వెలిగిపోయింది. అట్ట ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"మొదటి గడి! చానా బాగుంది. ఇంకాస్త వెయ్యి మామ్మా."

"ఇది సాంబ్రాణి నాయనా!"

"పొగే గదా మామ్మా."

అక్కడే పర్మిషన్ కాయితం రాసి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. జీపు వెళ్ళాక నేను చదివాను. ఇంధనం అన్నచోట సాంబ్రాణి అని రాసుంది.

శనివారం పొద్దున్నే నాయన బట్టీ ముట్టించాడు. కూలోళ్ళు ఈలలేశారు. మధ్యాహ్నానికి నల్లటి పొగ ఊరంతా కమ్మింది. నాయన బట్టీ పక్కనే కూర్చుని, పదిరోజుల ఆకలితో అన్నం కలుపుకున్నాడు.

"ఒరేయ్, ఇవతలికి రారా, అన్నంలో మసి పడుతోంది!" అని అరిచింది నాయనమ్మ.

నాయన కదల్లేదు. కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు.

"పడనీలే అమ్మా. పర్మిషన్ ఉన్న మసే."