ఏనుగు లేని ఓడ

మా ఆయన నన్ను "మీరు" అనడం మొదలుపెట్టి ఏడాది దాటింది. వినేవాళ్ళకు అదేదో మర్యాదలా ఉంటుంది. ఆయన మా అమ్మకు చివరి తమ్ముడు, అంటే నాకు పుట్టినప్పటి నుంచీ మామ. పెళ్ళయ్యాక కూడా నేను మామా అనే పిలిచాను, ఆయన నన్ను "ఏమ్మే" అనే పిలిచాడు. అట్లాంటి మనిషి ఒకరోజు పొద్దున నా చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకుని, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "కడప పక్కన" అని చెప్పి, వంటింట్లోకి పోయి, కుక్కర్ విజిల్ వేసే దాకా ఆగి, ఆ చప్పుడులో ఏడ్చాను.

పత్తికొండలో ఆయనది టమాటా మండీ. రైతులు తెచ్చిన సరుకును వేలం వేసి వ్యాపారులకు అమ్మిపెట్టే పని. మిగతా మండీల వాళ్ళు పైకాయను చూసి వేలంపాట మొదలుపెట్టేవాళ్ళు. ఈయన ముందు గంపను బోర్లించేవాడు. అడుగున ఏముందో చూడందే నోరు తెరిచేవాడు కాదు. దానివల్ల కొందరు రైతులకు ఆయనంటే గుర్రుగా ఉండేది, వ్యాపారులకు మాత్రం చాలా నమ్మకం. ఇంట్లో నేను తెచ్చుకున్న కూరగాయల సంచిని కూడా అట్లాగే బోర్లించి చూసేవాడు. "నేనేమన్నా నీకు సరుకు అమ్మేకి వచ్చిన్నా మామా?" అని ఎన్నిసార్లు దెప్పానో.

జబ్బు మొదట రైతుల పేర్లను తీసుకుపోయింది. తర్వాత మండీకి పోయే దారి మరిచిపోయాడు. కూతురి పేరు పోయింది. ఆఖరున నేనూ పోయాను. ఒక్క ఓడను మాత్రం ఆ జబ్బు ముట్టుకోలేదు.

టమాటా ధర ఆకాశానికి ఎక్కిన ఏడు ఆయన నన్ను చెన్నై తీసుకుపోయి ఓడ ఎక్కించాడు. సముద్రంలో నాలుగు రోజులు తిప్పి తెచ్చే విహార ఓడ. నీళ్ళ ట్యాంకరు వెనక బిందెతో పరుగెత్తిన మనిషిని నేను. చుట్టూ నీళ్ళే చూసి మొదటిరోజు కళ్ళు తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత మాత్రం దొరసానిలా బతికాను. భోజనాల హాల్లో కిటికీ పక్కన మాకంటూ ఒక బల్ల. రోజూ ఒకే మనిషి వడ్డించేవాడు. మా ఆయనకు ముద్ద ముద్దకూ పచ్చిమిరపకాయ కొరికే అలవాటని మొదటి పూటే కనిపెట్టి, రెండో పూట నుంచి అడక్కుండానే చిన్న గిన్నెలో మిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు తెచ్చి పెట్టాడు. నాలుగింటికి పై అంతస్తులో టీ, వేడివేడి పకోడీలు. గదికి తిరిగొస్తే పక్క సర్ది, దాని మీద తెల్ల తుండుగుడ్డను మడిచి చేసిన ఏనుగు. తొండం, చెవులు అన్నీ ఉన్న ఏనుగు. ఆయన దాన్ని విప్పనివ్వలేదు. ఒళ్ళు తుడుచుకోవడానికి ఇంకో గుడ్డ తెప్పించుకున్నాడు. నేను నవ్వీ నవ్వీ పక్క మీద దొర్లాను.

ఆ ఏనుగే ఆయన తలలో మిగిలింది. వీధిలో కూర్చుని పోయేవాళ్ళను పిలిచి, "ఓడలో ఏనుగు ఉండాదప్పా, తెల్లది, మా పక్క మీదే పండుకొని ఉండ్య" అని చెప్పేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు, ఆశ పుట్టింది. అంత జబ్బులోనూ ఆ నాలుగు రోజులు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, ఆ బల్ల దగ్గర ఆయనకు ఎదురుగా కూర్చున్న నేను కూడా అందులో ఎక్కడో ఉండి తీరాలి కదా. అక్కడికే తీసుకుపోయి కూర్చోబెడితే నన్ను గుర్తుపడతాడు. కర్నూలులో చూపించే డాక్టరును అడిగితే, "అలవాటైన చోట్లు ఒక్కోసారి మేలు చేస్తాయమ్మా, నమ్మకంగా మాత్రం చెప్పలేను" అన్నాడు. ఆ మాటలో మొదటి సగాన్నే నేను ఇంటికి తెచ్చుకున్నాను.

మా కూతురు కర్నూలులోనే ఉంటుంది. సంగతి విని, "నీకేమన్నా పిచ్చి పట్టిందామా? ఇంట్లోనే దోవ తెలీని మనిషిని సముద్రంలోకి పిల్చుకొని పోతావా?" అని అరిచింది.

"ఈడుండి మాత్రం ఏం చేస్తాండాడు? నన్ను పక్కింటామె అనుకుంటాండాడు" అన్నాను.

అది కాసేపు ఏడ్చి, ఫోనులో అదే ఓడకు టికెట్లు తీసింది. ముందుసారి కంటే ఎక్కువ పెడితే ముందుసారి కంటే ఒక రోజు తక్కువ వచ్చింది. కిటికీ ఉన్న గది దొరకలేదు. "ఓడ అదే కదా?" అని పదిసార్లు అడిగాను. అదే అంది. పాపం, అబద్ధమేమీ చెప్పలేదు. అప్పుడు కట్టుకున్న ఆకుపచ్చ చీర బీరువా అడుగు నుంచి తీసి ఇస్త్రీ చేయించాను. ఆయనకు అప్పటి చొక్కానే వేశాను. ఒళ్ళు తగ్గి అది వదులైంది, అయినా మార్చలేదు. గుర్తుపట్టడానికి ఆయనకు ఏ చిన్న సాయమైనా పనికొస్తుందనుకున్నాను.

గుంతకల్లులో రైలెక్కాం. కడప దాటుతుంటే "మామా, మీ అక్క ఊరు" అని చూపించాను. ఊరికే తల ఊపాడు. చెన్నై రేవులో ఓడ కనపడగానే మాత్రం ఆయన మొహం విప్పారింది. నా చెయ్యి పట్టి లాగుతూ, "పాండి, పాండి, ఏనుగు ఉంటాది" అన్నాడు. పరాయిదాన్ని పిలిచినట్టు పాండి అంటే అన్నాడు, చెయ్యి పట్టుకున్నాడు కదా. ఆ క్షణాన ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే జాలి, కోపం.

గదిలో ఏనుగు లేదు. మంచం మీద తలా ఒక పల్చటి తుండు, ఇంకొకటి కావాలంటే విడిగా డబ్బు కట్టాలని గోడకు కాగితం. ఆయన దుప్పటి ఎత్తి చూశాడు, మంచం కిందకు వంగి చూశాడు. "ఏనుగు యాడికి పాయ?" అని నన్నడిగాడు. గదులు సర్దే ఆమెను పట్టుకుని, నాకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో, చేత్తో తొండం చేసి చూపించి అడిగాను. ఆమె పాపం నొచ్చుకుంది. ఆ మడతలన్నీ ఎప్పుడో మాన్పించారట. ముందు ఇద్దరు చేసే గదులు ఇప్పుడు తనొక్కతే చేస్తోందట. ఆమె మీద కోప్పడటానికి నాకు నోరు రాలేదు.

నేనే చేద్దామని కూర్చున్నాను. చుట్టాను, మడిచాను, విప్పి మళ్ళీ చుట్టాను. ఇన్నేళ్ళు చీరలు మడత పెట్టిన చేతులు ఒక్క తొండాన్ని నిలబెట్టలేకపోయాయి. చివరికి ఏదో ఒకటి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "మేక బాగుండాదమ్మా" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

పోనీ, బల్ల ఉంటుంది కదా అనుకున్నాను. హాలుకు పోతే, ఎవరి బల్ల వాళ్ళకు అనే పద్ధతే ఎత్తేశారు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడాలి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చోవాలి. కిటికీల వైపంతా అద్దాలు అడ్డం కట్టి, విడిగా డబ్బు కట్టేవాళ్ళకు వేరే హోటలు చేశారు. ఆయన పళ్ళెం పట్టుకుని ఆ అద్దం దగ్గర నిలబడిపోయాడు. లోపల కిటికీ పక్కన ఎవరో మొగుడూ పెళ్ళాలు తింటున్నారు.

"మన బల్ల మీద ఎవురో కూసున్నారు" అన్నాడు.

"మన" అన్నాడు! నేను పరుగున పోయి, డబ్బు కడతాం, ఒక్క పూట ఆ బల్ల ఇవ్వండి అని బతిమాలాను. ఓడ తిరిగి రేవు చేరే దాకా ఖాళీ లేదన్నారు. నేను తిరిగొచ్చేసరికి ఆయనకు ఆ మాటా పోయింది, బల్లా పోయింది. పళ్ళెంలో అన్నం చల్లగా ఉంది. పప్పులో పప్పును వెతుక్కోవాలి. పచ్చిమిరపకాయలు అడిగితే ఎర్రటి సాస్ పొట్లం చేతిలో పెట్టారు. పకోడీల చోట గోడకు ఒక యంత్రం ఉంది, కూపను పెడితే కాగితపు కప్పులో టీ పోస్తుంది. ఈతకొలనులో నీళ్ళు లేవు, అడుగున రంగు పెచ్చులు లేచి ఉంది. ఎండిన తొట్టిని చూడటానికి మా జిల్లా దాటి ఇంత దూరం రావాలా?

మిగతా ప్రయాణికులూ తిట్టుకుంటున్నారు. ముందు ఒకసారి వచ్చినవాళ్ళైతే మరీ. వాళ్ళకు పోయింది సెలవులు, డబ్బు. నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోతారు. ఈ ఓడ వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కొక్కటే తీసి పారేసినవి మా ఆయన మతిలో మిగిలిన ఆఖరి వస్తువులని నేను ఎవరితో చెప్పుకోవాలి? ఆయన ఒక్కో చోటా ఆగి వెతుకుతాడు, దొరక్క బిక్కమొహం వేస్తాడు. సాయంత్రానికి, "ఇది ఆ ఓడ కాదమ్మా, మనల్ని మోసం చేసినారు" అన్నాడు. కాదు మామా, అదే ఇది అని వాదించాను. వాదించిన కొద్దీ ఆయన నాకు దూరంగా జరిగి కూర్చున్నాడు.

రెండో రోజు పొద్దున ఫలహారాల దగ్గర పెద్ద వెదురుబుట్ట నిండా నారింజలు పేర్చి పెట్టారు. పైవరస నిగనిగలాడుతోంది. ఆయన వరసలో నా ముందున్నాడు. బుట్ట దగ్గర ఆగాడు. ఒక పండు తీసి బొటనవేలితో నొక్కాడు, వాసన చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. "మామా, వద్దు" అనేలోపే బుట్టను రెండు చేతులా ఎత్తి బల్ల మీద బోర్లించాడు.

పళ్ళు దొర్లి నేల మీదకు పోయాయి. అడుగువి బూజు పట్టి ఉన్నాయి, కొన్ని చితికి నీరు కారుతున్నాయి. కుళ్ళు వాసన గుప్పుమంది. ఆయన నడుం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏడాదిగా వంగిపోయిన వీపు నిటారైంది.

"ఎవురిదప్పా ఈ సరుకు?" హాలంతా వినపడేటట్టు అరిచాడు. "పైన నాలుగు మంచివి పరిచి కింద కుళ్ళువి ఏస్తే కనుక్కోలేననుకుంటివా? దీన్ని నేను పాటకు పెట్టను. ఎత్తుకొని పో!"

ఎవరో చప్పట్లు కొట్టారు. చాలామంది ఫోన్లు ఎత్తారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఇంకోవైపు గుండె ఎగిరి పడుతోంది. ఎందుకంటే అది మా మామ. అది మండీ గొంతు. మనిషి పూర్తిగా తిరిగొచ్చాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది. పళ్ళ మీద కాలు జారుతున్నా పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"మామా, నన్ను సూడు. నేనెవురు? సెప్పు మామా, నేనెవురు?"

తేరిపార చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, కాస్త నొచ్చుకుంటున్నట్టుగా అడిగాడు. "మీరు రైతు తరపున వచ్చినారామ్మా?"

హాలు మేనేజరు వచ్చాడు. కుళ్ళిన పళ్ళ మాటే ఎత్తలేదు. మిగతావాళ్ళకు ఇబ్బందిగా ఉందని, ఓడ రేవు చేరే దాకా సారును గదిలోనే ఉంచమని, భోజనం అక్కడికే పంపుతామని చెప్పాడు. నేను అరిచాను. మా ఏనుగు ఏదిరా, మా బల్ల ఏదిరా, మా మిరపకాయలు ఏవిరా అని తెలుగులో అరిచాను. ఆ మనిషికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈసారి ఫోన్లు నా వైపు తిప్పారు. మతి తప్పింది మా ఇద్దరిలో ఎవరికో వాళ్ళకు అనుమానం వచ్చి ఉంటుంది.

గదిలో కూర్చుంటే సముద్రం మధ్యలో ఉన్నామని కూడా తెలియదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను డాక్టరును తిట్టాను, ఓడవాళ్ళను తిట్టాను, దేవుణ్ణి కూడా వదల్లేదు. చివరికి తిట్టాల్సింది నన్నేనని తెలిసింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయనకు వీధిలో కూర్చుని చెప్పుకోవడానికి ఒక్క కథ అయినా ఉండేది. దాన్ని ఇంత దూరం మోసుకొచ్చి నా చేతులారా పోగొట్టాను. గుర్తుపట్టించుకోవాలన్న నా యావలో ఆయనకు మిగిలిన ఆ కాస్తా లేకుండా చేశాను.

నాలుగింటికి, నన్ను ఆపేదెవరో చూద్దామని, తలుపు మూసి పై అంతస్తుకు పోయి రెండు కప్పుల టీ పట్టుకొచ్చాను. ఆయన లేచి కూర్చున్నాడు. ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టాడు. తలుపు మూసి ఉందో లేదో చూసుకుని నా వైపు వంగాడు.

"ఒక మాట సెప్తా, ఎవురితోనూ అనాకండి" అన్నాడు. "ఇది ఆ ఓడేనమ్మా. పాడు చేసినారు. ముందొకసారి మా ఇంటామెను పిల్చుకొచ్చినా. అప్పుడు శానా బాగుండ్య. ఆమె ఎంత నగిందో! అంత నగింది నేను మళ్ళ ఎప్పుడూ సూడల్య. ఇంకొకసారి పిల్చుకొని రావల్లని ఉండ్య నాకు."

"ఆమె యాడుంది ఇప్పుడు?" అని అడిగాను.

"ఇంట్లో ఉండాది. నా కోసం సూస్తాంటాది." కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆమెకు మాత్రం సెప్పాకండి. ఇట్లయిందని తెలిస్తే తట్టుకోలేదు, ఏడుస్తాది. మీకు యాడన్నా కనపడితే, ఓడ అట్లనే బాగుండాదని సెప్పండి."

"సెప్తా" అన్నాను.