తాతయ్య కోసిన తాడు

నా చిన్నప్పుడు మా విశాఖ తీరాన పెద్దవల లాగేటప్పుడు ఆడపిల్లలం కూడా తాడు పట్టేవాళ్లం. వలకి రెండు కొసల్లో కట్టిన తాళ్లు ఒడ్డు దాకా వస్తాయి. రెండు జట్లుగా నిలబడి లాగాలి. ఏమైనా సరే తాడు వదలకూడదని మా తాతయ్య నేర్పాడు. ఆయన నోరు మహా చెడ్డది. వదిలినవాళ్లకి ఆ పూటంతా తిట్లే తిట్లు.

ఒకసారి వారం రోజులు ఖాళీ వల లాగాక, ఒక ఉదయం చేపలు నిండుగా పడ్డాయి. వల ఒడ్డుకి దగ్గరైంది, చేపలు ఎగరడం కనిపిస్తోంది. అంతలో భీమిలి వైపు నుంచి ఒక చిన్న విమానం మా మీదికి దిగి వచ్చేస్తోంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మాకు అటు రాళ్లు, ఇటు పడవలు. అది దిగడానికి మేం నిలబడ్డ ఇసుక ఒక్కటే ఉంది.

“తాడొగ్గేయండ్రా!” అని తాతయ్య అరిచాడు. అవతలి జట్టు వదిలేసి పరుగెత్తింది. మేం వదల్లేదు. ఆ వల ఒడ్డెక్కితేనే ఇంట్లో పొయ్యి వెలిగేదని నాకూ తెలుసు. కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తాతయ్య బూతులు తిడుతూ వచ్చి, మొలలోని కత్తి తీసి తాడు కోసేశాడు. మిగతావాళ్లు లేచి పరుగెత్తారు, వెల్లకిలా పడ్డ నన్ను తాతయ్య జుట్టు పట్టి పక్కకి ఈడ్చాడు. విమానం మా ముందు నుంచే ఇసుకని దున్నుకుంటూ పోయి, ముక్కు నేలకి ఆనించి ఆగింది. చేపలన్నీ సముద్రంలోకి పోయాయి.

తాతయ్య తిట్లు మాత్రం ఆగలేదు. విమానం నడిపే కుర్రాణ్ణి బయటికి లాగి, భుజాన వేసుకుని వస్తూ కూడా తిట్టాడు. “నీ ఇమానం మండిపోనూ, మా నోటికాడ కూడు నేలపాలు సేసినావు గదరా!” అంటూనే తన తువ్వాలుతో అతని నుదుటి రక్తం తుడిచాడు.

తర్వాత ఆ విమానం కోసం జీపులో వచ్చిన ఆఫీసరు, తీరమంతా తాళ్లు పరిచిందెవరని మమ్మల్నే గద్దించాడు. మా వల గురించి ఒక్క మాట అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పుడైతే ఆయన్ని ఏమీ అనలేక, తాడు ఎందుకు కోశావని తాతయ్య మీద విరుచుకుపడ్డాను.

“సేపలు రేపొత్తాయే. ఆడు సత్తే రేపొత్తాడేటే?” అని నా మీదే కేకలేశాడు. ఆ పూట గంజి తాగుతూ కూడా ఆ కుర్రాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

మంచి పని నవ్వుతూ చేయాలంటారు. ఏం కాదు. మా తాతయ్య పళ్లు కొరుకుతూనే ఒక ప్రాణం నిలబెట్టాడు. కోపం తగ్గాక సాయం చేద్దాంలే అని నేనూ ఎన్నడూ ఆగలేదు. ఆగి ఉంటే, ఈ జన్మలో ఎవరికీ ఏమీ చేసి ఉండేదాన్ని కాదు.