కొబ్బరినీళ్లు పడ్డ కోట

సినిమావాళ్ల బుర్రలో ఏమీ ఉండదని నేననను. ఉంటుంది. కాకపోతే అదెలా ఉంటుందో వాళ్లకే తెలియదు. అందుకని ఒక మనిషిని పెట్టుకుని ముందుగా బొమ్మ గీయించుకుంటారు. ఆ బొమ్మ చూసి వడ్రంగులు సెట్టు వేస్తారు, హీరో దాని ముందు నిలబడతాడు, పేరు కళా దర్శకుడికి వస్తుంది. డెబ్బైల మొదట్లో ఆ బొమ్మలు గీసే మనిషిని నేనే కావాలని పట్టుబట్టి కూర్చున్నాను.

మాది ఖాజాగూడ. చుట్టుపక్కల అద్దాల ఆఫీసులు ఇంకా మొలవని రోజులవి. మా నాన్న అక్కడి గుట్టల్లో రాయి కొట్టేవాడు. నన్నూ సుత్తి పట్టమన్నాడు. బతిమాలితే ఒక షరతు పెట్టాడు. అప్పుడు నా చేతికొచ్చిన ఒక్క బొమ్మా సినిమావాళ్లకు నచ్చకపోతే, ఇక బొమ్మల ఊసెత్తకుండా తనతో గుట్టకు రావాలి.

ఆ బొమ్మ ఒక జానపద సినిమాకు కొండమీది కోట. కళా దర్శకుడు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. సిల్కు లాల్చీ, నోట్లో కిళ్లీ. ఆయన పెన్సిలు పట్టగా నేనెన్నడూ చూడలేదు. క్యాలెండర్లో మంచుకొండ చూపించి అలా గీయమన్నాడు. మంచుకొండ మీద మన రాజులకేం పనో ఆయన్నే అడగాలి. నేను మా గుట్టలే గీశాను. రాయి మీద రాయి, ఇదిగో దొర్లుతున్నామన్నట్టు కనిపిస్తూ తరతరాలుగా దొర్లని రాళ్లు. నీటిరంగుల్లో ఒక్కో పగులునూ ఓపిగ్గా వేశాను. చూసి ఆయన మూతి విరిచాడు. మరొకటి గీయించే వ్యవధి లేక ముహూర్తానికి అదే పట్టుకెళ్లాడు.

ముహూర్తం నాడు చూడాలి వీళ్ల భక్తి. కథ కాగితాలు, కెమెరా, నా బొమ్మ దేవుడి పటం ముందు పెట్టి కుంకుమ అద్దారు. నిర్మాత కొబ్బరికాయ కొట్టి, శుభమంటూ ఆ నీళ్లు చల్లబోయాడు. కెమెరామన్ తన కెమెరాకు అడ్డంపడ్డాడు. దాంతో నిర్మాత చిప్పలో ఉన్నదంతా నా బొమ్మ మీద ఒంపేశాడు. రంగులు కరిగి కిందికి జారాయి. కుంకుమ కోటగోడల మీద పాకింది. రాళ్లన్నీ కలిసిపోయి బూడిదరంగు మడుగయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. లాక్కోబోతే కళా దర్శకుడు నా భుజం నొక్కిపట్టాడు.

నిర్మాత మాత్రం తల పక్కకు వాల్చి చూస్తూ ఉండిపోయాడు.

"కోట మబ్బుల్లో తేలుతున్నట్టు లేదూ? సెట్టు అచ్చం ఇలాగే వేయించండి," అన్నాడు.

"నేను కావాలనే అలా వేయించానండి," అన్నాడు కళా దర్శకుడు, తొణక్కుండా.

అప్పుడు ఆ ఇద్దరి మీదా పుట్టిన అసహ్యం ఇప్పటికీ చల్లారలేదు. బయటికొచ్చాక కళా దర్శకుడు నన్ను పిలిచి, రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఇకమీద బొమ్మలన్నీ ఇలాగే తడిపి ఇమ్మన్నాడు. సరేనన్నాను. కాదంటే సుత్తి ఉండనే ఉంది.

ఇంటికొచ్చి పని దొరికిందని చెప్పాను. నా బొమ్మల గురించి ఏనాడూ ఒక్క మాట అడగని నాన్న, చేతులకంటిన రాతిదుమ్ము కడుక్కుంటూ అడిగాడు.

"గట్లనా. ఏం మంచిగనిపించిందట వాళ్లకు?"

"మన రాళ్లు," అన్నాను.

నాన్న ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు సుత ఒకపారి గా బొమ్మ తెచ్చి చూపియ్," అన్నాడు.