వకీలమ్మ కట్టలు

2004 మార్చి మొదటి వారంలో నన్ను ఖమ్మం బ్రాంచికి ఫీల్డ్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. ఫీల్డ్ ఆఫీసర్ అంటే బ్యాంకులో కుర్చీ ఉండి కూడా కూర్చునే వీలు లేని ఉద్యోగం. అప్పు అడిగినవాడి పొలం, గేదె, దుకాణం స్వయంగా చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాలి. అంతకుముందు పన్నెండేళ్లు పంట రుణాలే చూశాను. మిరప తోట గట్టు మీద నిలబడి రైతు ఈ ఏడు బాకీ కడతాడో లేదో చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఖమ్మంలో మాత్రం ఇళ్ల రుణాలు కూడా నా నెత్తిన పెట్టారు.

అప్పట్లో మా దగ్గర ఏ సర్క్యులర్‌లోనూ లేని నియమం ఒకటి నడిచేది. పోలీసులకూ వకీళ్లకూ అప్పు ఇవ్వకూడదు. పోలీసు ఇంటికి వసూలుకు వెళ్లలేం. వకీలుకు నోటీసు పంపితే తిరుగు టపాలో మనకే నోటీసు వస్తుంది. పైగా నల్లకోటు వేసుకున్నవాళ్లంతా లక్షలు గడిస్తారని, లెక్కల్లో చూపించరని మా అందరి నమ్మకం. వాళ్ల దరఖాస్తు వస్తే ఏదో ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపేవాళ్లం.

ఏప్రిల్‌లో సరోజన గారు అలాంటి దరఖాస్తే పట్టుకొచ్చారు. నలభై దాటిన మనిషి, జిల్లా కోర్టులో పద్నాలుగేళ్ల ప్రాక్టీసు. భర్త ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. పదకొండేళ్లుగా కిరాయికి ఉంటున్న రెండు గదుల పెంకుటింటిని యజమాని అమ్మేస్తున్నాడు. ముందు గదే ఆవిడ ఆఫీసు. చీటీ పాడి నలభై వేలు బయానా ఇచ్చారు. జూన్ పదిహేనులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది. ఆ ఒప్పందం స్వయంగా రాసింది ఆవిడే. ఆ షరతు ఎంత గట్టిదో ఆవిడకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఆవిడకు కావలసింది రెండు లక్షలు. లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద వేరే అప్పులు లేవని చూపే ఈసీ, మూడేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, అన్నీ పిన్ను కొట్టి వరసగా పెట్టారు. తిప్పి పంపడానికి ఒక్క కాగితమూ తక్కువ లేకపోవడంతో నాకు చిరాకేసింది. ఫారంలో ‘నెలసరి ఆదాయం’ అనే గడి మాత్రం ఖాళీగా ఉంది. నెలకు ఎంత వస్తుందమ్మా అని అడిగాను.

“ఏ నెలకు సార్?” అన్నారు.

వకీలు బుద్ధి పోనిచ్చుకోదు గదా అనుకున్నాను మనసులో.

ఆవిడ ఖాతా మా బ్రాంచిలోనే తొమ్మిదేళ్లుగా ఉంది. మూడేళ్ల జమలు తీసి నెలవారీగా పట్టిక వేశాను. జూన్ నుంచి నవంబరు దాకా అన్నీ చిల్లర జమలే. సంక్రాంతి ముందు కొంచెం. మిరపకాయ మార్కెట్‌కు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో ఇంకొంచెం. అన్నిటికన్నా ఎక్కువ మే నెలలో, అదీ మూడేళ్లూ అలాగే. నేను పట్టిక వేశానే గానీ దాని గురించి ఆలోచించలేదు. ఫైలు రీజనల్ ఆఫీసుకు పంపేశాను. వకీళ్ల దరఖాస్తు మీద మంజూరు సంతకం పెట్టడానికి మా మేనేజర్‌కు ధైర్యం లేదు, నాకు ఆ అధికారమే లేదు.

మే పదో తేదీకి ఫైలు తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఒక ప్రశ్న ఉంది. మేలో కోర్టులకు వేసవి సెలవులు గదా, కోర్టు మూసిన నెలలో వకీలుకు ఏడాదిలోకెల్లా ఎక్కువ ఆదాయం ఎలా వస్తుంది, విచారించి రాయండి.

మా మేనేజర్ మొహం వెలిగిపోయింది. వడ్డీ వ్యాపారమేనయ్యా అన్నాడు. నాకూ అదే తోచింది. సాయంత్రం సరోజన గారింటికి వెళ్లి సూటిగానే అడిగాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను, కానీ పకపకా నవ్వారు. “ఈడ కూసొని చెప్తే మీరు నమ్మరు సార్. ఆదివారం పొద్దుగాల బస్సుకు రాండ్రి, చూద్దురు” అన్నారు.

ఆదివారం తల్లాడ మీదుగా పోయే కొత్తగూడెం బస్సెక్కి జూలూరుపాడులో దిగాం. అక్కడి నుంచి జీపులో అడవి అంచున ఉన్న ఒక ఊరు. ఊరి బయట చదును చేసిన కల్లంలో తునికాకు కట్టలు వరసలు వరసలుగా ఎండకు పరిచి ఉన్నాయి. బీడీలు చుట్టే ఆకు అది. మే నెలంతా ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. కాంట్రాక్టరు తరఫున కల్లేదారు అనే మనిషి కట్టలు లెక్కబెట్టుకుంటాడు. మేం వెళ్లిన రోజు పైకం పంచే రోజు.

జనం తమలో తాము కోయ భాషలో, మాతో తెలుగులో మాట్లాడుతున్నారు. అందరికంటే ముందు మమ్మల్ని చూసింది ముత్తమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఆమె భర్త మీదా మరో ఆరుగురి మీదా ఒక కొట్లాట కేసు రెండేళ్లుగా నడుస్తోంది. నా కళ్లద్దాలు, చంకలో సంచి, జేబులో రెండు పెన్నులు తేరిపార చూసింది.

“గుమాస్తాను పెట్టుకున్నవా వకీలమ్మా? మంచిగైంది. నీ రాత ఎవలకు సమజ్ కాదు” అంది.

సరోజన గారు నా వైపు చూసి పెదవి బిగబట్టారు. బ్యాంకు మనిషినని చెబితే జనం సగం మాట దాచుకుంటారని నాకు తెలుసు. అందుకని నేనూ నోరు మూసుకున్నాను. అలా ఆ రోజంతా వకీలు గుమాస్తాగా పనిచేశాను. నా సర్వీసులో అంత హాయిగా చేసిన డ్యూటీ ఇంకోటి లేదు.

నీడన చాప వేసుకుని సరోజన గారు ఒక్కొక్కరినీ పిలిచారు. వెనకటిసారి కోర్టు పేషీలో ఏం జరిగింది, తర్వాతి పేషీ ఎప్పుడు, సాక్షిగా ఎవరు రావాలి, అన్నీ మెల్లగా చెప్పారు. చెప్పడం అయ్యాక వాళ్లు డబ్బు ఇచ్చారు. కొందరు రెండు వందలు, కొందరు మూడు వందలు. ఆవిడ ఇంత అని అడగలేదు. నేను పేరు, కేసు, మొత్తం రాసుకుంటూ పోయాను.

ముత్తమ్మ లెక్క మాత్రం కల్లేదారు దగ్గరే తేలింది. అతను పుస్తకం తెరవగానే ఆమె వేలు పెట్టి చూపిస్తూ “గివి ఇంటియి, గివి వకీలమ్మయి” అంది. రోజూ ఆకు కట్టడం మొదలుపెట్టగానే మొదటి ఇరవై కట్టలు వకీలమ్మ పేరున పక్కన పెడుతుందట. ఆ ఊళ్లో కేసున్న ఇళ్లన్నీ అదే పద్ధతి. కల్లేదారు కూడా ఆ కట్టల లెక్క విడిగా రాస్తున్నాడు. నేను నోరు వెళ్లబెట్టి చూశాను. పన్నెండేళ్లలో మా బ్యాంకు పేరున ఒక్క మిరపకాయ పక్కన పెట్టిన రైతును నేను చూడలేదు.

ఉండబట్టలేక, మరి బ్యాంకు బాకీలు లేవా మీకు అని అడిగాను.

“ఎందుకు లేవు? పంట వస్తె కడ్తం, రాకుంటె ఆళ్లే వస్తరు. ఆళ్లకేం పని సారూ, జీపులేసుకొని తిరుగుడే గద” అంది ముత్తమ్మ. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. సరోజన గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తల వంచుకుని ఆ మాట కూడా రాసుకున్నాను.

మరి వకీలమ్మకు మాత్రం ముందే ఎందుకు తీస్తున్నారు అన్నాను.

“గామె రాకుంటె జడ్జి ముంగట మా దిక్కు ఎవలు మాట్లాడుతరు?” అంది. అక్కడితో ఆగక ఆకులు కొన్ని నా ముందుకు తోసి, ఊకే రాసుడే గాదు ఒక కట్ట కట్టి చూపియ్యమంది. చెమటలు కక్కుతూ నార చుట్టి ముడి వేశాను. కల్లేదారు దాన్ని చేత్తో ఎత్తి చూసి, నలభై రెండే ఉన్నాయని పక్కకు విసిరేశాడు. మధ్యాహ్నం చింతచిగురు పప్పుతో అన్నం పెడుతూ “లెక్క రాని గుమాస్తాను తెచ్చుకున్నవు గదమ్మా” అని ముత్తమ్మ వకీలు మీద జాలిపడింది.

తిరుగు బస్సులో సరోజన గారు తన సంపాదన సంగతి విప్పి చెప్పారు. బెయిలు ఫీజు ముందే తీసుకోవాలి, జైలు గేటు దాటాక మనిషి కనిపించడు. ప్రమాదాల కేసుల్లో పరిహారం చెక్కు చేతికొస్తేనే వకీలుకు వాటా, దానికి మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది. పట్నం క్లయింట్లు పేషీకి ఇంతని ఇస్తారు, బేరమాడి సగం చేస్తారు. అడవి ఊళ్ల వాళ్లు ప్రతి పేషీకీ ఖమ్మం వస్తే బస్సు కిరాయి, పోయిన కూలి కలిపి ఆవిడ ఫీజుకన్నా ఎక్కువవుతుంది. అందుకని ముద్దాయి తప్పనిసరిగా ఉండాల్సిన రోజులకే పిలిపిస్తారు. మిగతా రోజులకు హాజరు నుంచి మినహాయించమని పిటిషన్ వేస్తారు. ఫీజుకు మాత్రం ఆవిడే ఆ ఊళ్లకు వెళ్తారు, వాళ్ల చేతిలో పైకం ఉన్న నెలలో. మే నెలలో అలాంటి ఊళ్లు ఏడు.

మర్నాడు బ్యాంకులో లెక్క కట్టాను. నా నోటు పుస్తకంలోని మొత్తం, ఆవిడ సోమవారం మా కౌంటర్‌లో జమ చేసిన మొత్తం రూపాయి తేడా లేకుండా సరిపోయాయి. మూడేళ్ల జమలు కూడి నెలలతో భాగిస్తే నెలకు ఆరు వేల ఎనిమిది వందల చిల్లర వచ్చింది. రిటర్నుల్లో ఆవిడ చూపింది కూడా అంతే. ఆ నెల మా అటెండర్ తీసుకున్న జీతం అంతకన్నా ఎక్కువ. నల్లకోటు చూసి మేం భయపడ్డ లక్షలు ఇవి. నాకు నిజంగా సిగ్గేసింది.

మంగళవారం నివేదిక రాశాను. ఇంటి రుణానికి నెల నెలా కట్టే వాయిదా అడుగుతాం. రైతుకైతే పంట చేతికొచ్చే నెలలు చూసి ఆరు నెలలకోసారి కట్టించుకునే వెసులుబాటు ఉంది. ఈ దరఖాస్తుదారుకూ అదే వర్తింపజేయాలని, వాయిదాలు ఫిబ్రవరి ఆఖరున, మే ఆఖరున పెట్టాలని సిఫారసు చేశాను. ఆ రెండు గడువుల మధ్య మూడు నెలలే ఉండటం చూసి మా మేనేజర్ కళ్లు చిట్లించాడు. పైకం ఉండేది ఆ నెలల్లోనే సార్ అన్నాను. నీ పూచీ అని సంతకం పెట్టాడు.

జూన్ నాలుగున రీజనల్ ఆఫీసు నుంచి ఫోను. తునికాకు మీద రెండు పేజీలు రాశావు, ఇది ఇంటి రుణమా అటవీ శాఖ రిపోర్టా అని అక్కడి పెద్దాయన గద్దించాడు. ఇంతకీ ఆవిడ రైతా, వకీలా అన్నాడు. వకీలే సార్, పైకం మాత్రం పంటతో వస్తుంది అన్నాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, రెండు మూడు జమలైనా కల్లం దగ్గర నీ కళ్లతో చూశావా అని అడిగాడు. మూడు కాదు సార్, పదిహేడు, నా చేత్తోనే రాశాను అన్నాను. ఫోను పెట్టేశాడు.

తొమ్మిదో తేదీన మంజూరు వచ్చింది. పదకొండున రిజిస్ట్రేషన్ అయింది, బయానా గడువుకు నాలుగు రోజుల ముందు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద మాస్టారు అందరికీ సోడాలు ఇప్పించారు. సరోజన గారు మాత్రం దస్తావేజు మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుతూ నిలబడ్డారు. ఇతరుల పేర్ల మీద ఎన్నో రాశాను సార్, నా పేరు చదవడం ఇదే మొదలు అన్నారు. మొహమంతా నవ్వే. నాకూ ఆ పూట కాళ్లు నేల మీద నిలవలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరి వాయిదా గడువుకు వారం ముందే కట్టారు. మే వాయిదా కట్టడానికి ముత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. కొట్లాట కేసు కొట్టేశారట. ఆ సంతోషంలో వకీలమ్మ ఇల్లు చూద్దామని ఆమె ఖమ్మం వచ్చింది. కౌంటర్ వెనక నన్ను చూసి ఆమె ఠక్కున ఆగిపోయింది.

“వకీలమ్మా, నీ గుమాస్తా ఈడ గూడ పని చేస్తున్నడేంది?” అంది బ్రాంచి అంతా వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి, “పాపం, నువ్విచ్చే జీతం సాల్త లేదేమో” అంది.

నేను రిటైరయ్యే దాకా ఎన్నో దరఖాస్తులు చూశాను. కుమ్మరి, డ్రైవరు, పెళ్లి బ్యాండువాళ్లు, ఇంకొందరు వకీళ్లు. ‘నెలసరి ఆదాయం’ గడి దగ్గరకు రాగానే ముందు పక్కన పెన్సిలుతో ‘ఏ నెల?’ అని రాసుకునేవాణ్ణి. అది తెలిశాకే ఎంత అని అడిగేవాణ్ణి.