వెనక రింగు కింద అట్టముక్క

నాకు ఒక మంచిపేరు ఉంది. అదే నా బరువు. ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను.

మా కుటుంబంలో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక మా అక్క భర్త రామ్మోహన్ బావ నన్ను పక్కన నిలబెట్టుకుంటాడు. "ఇవాళ మీ అందరి మొహాలూ నాకు కనబడుతున్నాయంటే మా బామ్మర్ది చలవే" అంటాడు. అందరూ నావైపు చూస్తారు. నేను తల వంచుకుంటాను. ఎంత వినయమో అనుకుంటారు. వినయం కాదండీ. సిగ్గు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బావది ఉయ్యూరు దగ్గర చెరుకు వ్యవసాయం. ఏటి లంకల్లోంచి అడవి పందులు వచ్చి తోటలు పాడుచేసేవి. ఒక్కపూటలో చేనంతా పడదొక్కి పోయేవి. బావకి లైసెన్సున్న రైఫిలు ఉండేది. పందుల బెడద మరీ ఎక్కువైనప్పుడు అధికారుల అనుమతి తీసుకుని, చుట్టుపక్కల రైతులందరి తరఫునా ఆయనే కాల్చేవాడు. ఆయన గురి అంటే ఆ ప్రాంతంలో ఒక గౌరవం. ఆయనకి ఇంకా ఎక్కువ గౌరవం. కాల్చిన ప్రతి పంది గురించీ కథ చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ పంది కాస్త పెరిగేది.

నాకు విజయవాడలో కెమెరాలు బాగుచేసే దుకాణం ఉంది. చిన్న స్క్రూలూ, అద్దాలూ నా చేతికి అలవాటు. అందుకే బావ తుపాకీకి స్కోపు కొన్నప్పుడు, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే ఆ గొట్టం, తిన్నగా నా దగ్గరికే తెచ్చాడు.

"నువ్వు బిగిస్తేనే నాకు నమ్మకంరా" అన్నాడు.

ఆ మాట అప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే వేరేగా ఉంటుంది.

స్కోపుని తుపాకీ మీద పట్టి ఉంచేవి రెండు రింగులు. చూడటానికి ఏమీ ఉండదు, వాటి మీదే అంతా ఉంటుంది. మొదట పొట్టి రింగులు తెచ్చాం. స్కోపు ముందున్న పెద్ద అద్దం తుపాకీ గొట్టానికి తగిలింది. తర్వాత పొడుగువి తెచ్చాం. బావ కన్ను అందుకోడానికి చెంప పైకెత్తాల్సి వచ్చింది, జిరాఫీలా ఉన్నారు బావా అని నేను, నీ మొహంలా ఉంది అని ఆయన. మూడోసారి మధ్యరకం సరిపోయాయి. ఉయ్యూరు వెళ్లి, వాళ్ల వసారాలో కూర్చుని బిగించాను. ఎదురుగా గుమ్మానికి బరువు కట్టిన దారం వేలాడదీసి, స్కోపులోని నిలువు గీత ఆ దారం మీద పడేదాకా గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. స్క్రూలు ఒకేసారి కాకుండా అటొకటి ఇటొకటి, మెల్లగా బిగించాను. బావ నా పక్కన గొంతుక్కూర్చుని, ఊపిరి కూడా బిగబట్టి చూశాడు. నా జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటి. నిజంగానే.

మర్నాడు పొద్దున్నే బీడులో అట్టపెట్టె పెట్టి కాల్చి చూశాడు. గుళ్లన్నీ కొబ్బరికాయంత చోటులో పడ్డాయి. నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

అదే రోజు మధ్యాహ్నం మా మేనకోడలి ఓణీల ఫంక్షను. బంధువులందరూ వచ్చారు. విస్తళ్ల ముందు బావ కథ మొదలెట్టాడు. ఈసారి కథ నాది. ఒకసారి ఆయనతో చేలోకి వెళ్లి, పందిని చూసి నేను చెరుకు లారీ ఎక్కేసిన కథ. ఎలా ఎక్కానో, ఎలా అరిచానో, చెప్పు ఎలా జారిపోయిందో చేసి చూపించాడు. పందిరంతా నవ్వింది. నా భార్య పద్మ కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది.

నేనూ నవ్వాను. పైకి.

అందులో అంత కష్టపెట్టుకోవాల్సింది ఏముంది? ఆయన అబద్ధం చెప్పలేదు. నేను లారీ ఎక్కింది నిజమే. అయినా పొద్దున నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, మధ్యాహ్నానికి నన్ను పదిమందిలో అలా నిలబెట్టాడే అని లోపల ఏదో కాలింది, ఆ మంట ఎంత చిన్నదో ఇప్పుడు కనబడుతోంది కానీ ఆ పూట అదే నాకు ప్రపంచం అయింది.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. తుపాకీ లోపలి గదిలో ఉంది. నేను వెళ్లాను. వెనక రింగు విప్పాను. ఓణీల ఫంక్షను శుభలేఖలోంచి చిన్న ముక్క చింపి, రింగు కింది సగంలో పెట్టి, దాని మీద స్కోపు ఆనించి మళ్లీ బిగించాను. ఎంత పని! గోరంత అట్ట. నూరు గజాల దూరంలో గుండు జానెడు పైకి పోతుంది.

ఆయనా ఒకసారి నవ్వులపాలు కావాలి. అంతే అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా రైతులందరూ గట్టు మీద చేరారు. కరకట్ట పక్కన చెరుకులోంచి పెద్ద పంది బయటికొచ్చింది. బావ కాల్చాడు. గుండు పంది పైనుంచి పోయి కరకట్ట మట్టిలో దిగింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ మట్టే. పంది మావైపే దూసుకొచ్చింది. జనం చెల్లాచెదురయ్యారు. చేను కాపలా కాసే కోటయ్య కాలవలోకి దూకేశాడు. పంది మా మధ్యలోంచే పోయి తుప్పల్లో మాయమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. కోటయ్య ఒంటినిండా బురదతో పైకొస్తే అందరూ పడీపడీ నవ్వారు.

ఏమన్నా అయ్యుంటే? గుండు పందికి అరకొరగా తగిలి, అది ఎవరి మీదైనా పడి ఉంటే? ఆ ప్రశ్న నాకు ఆ పూట రాలేదు. చాలా రోజుల తర్వాత, దుకాణంలో కూర్చుని లెన్సు తుడుస్తుంటే వచ్చింది.

అందరూ నవ్వుతున్నప్పుడు బావ మాత్రం నవ్వలేదు. గట్టు మీద కూలబడ్డాడు. నేను చూడాలనుకున్నది అదే కదా? చూశాను. బాగాలేదు.

"స్కోపు కదిలిందేమో చూడరా" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. తిట్టేవాడు. నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. తర్వాత దాన్ని కూడా ఒక కథ చేసేవాడు. నేను తుపాకీ అందుకుని చూసినట్టు నటించాను.

"రింగులు బిగుతుగానే ఉన్నాయి బావా. నిన్న మీరే కాల్చి చూశారుగా."

"మరి నాకేమైందిరా?"

"ఒకసారి కళ్లు చూపించుకోండి బావా. వయసు కదా."

అంతే నేను అన్నది. దొరికిపోతానన్న భయంతో అన్నాను. ఇంటికి రాగానే, తుడిచి పెడతానని తుపాకీ తీసుకుని అట్టముక్క పీకేశాను.

బావ ఆ మాట పట్టుకున్నాడు. ఆ వారమే విజయవాడ వచ్చి కంటి డాక్టరుకి చూపించుకున్నాడు. నేనే తీసుకెళ్లాను. చత్వారం అంటారనుకున్నాను. డాక్టరు చాలాసేపు చూసి, కంట్లో ఒత్తిడి బాగా పెరిగిందని చెప్పాడు. పక్కచూపు అప్పటికే కొంత పోయిందట. నొప్పి ఉండదట, మనిషికి తెలియనే తెలియదట.

"పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. సమయానికి వచ్చారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కష్టమయ్యేది" అన్నాడు.

అక్క అక్కడే నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు చెప్పకపోతే వెళ్లేవారు కాదురా తమ్ముడూ" అంది. నేను ఏమనాలి? మీరైతే ఏమనేవారు?

అప్పటినుంచి బావకి చూపంటే సంబరం పట్టుకుంది. చుక్కల మందు ఒక్కపూట తప్పడు. కారులో పామర్రు దాకా వెళ్తే చాలు, దారిపొడుగునా బోర్డులన్నీ పైకి చదువుతాడు. ఎరువుల కొట్టు, టైలరు, పచ్చళ్ల దుకాణం, ఇల్లు అద్దెకివ్వబడును. అక్క విసుక్కుంటుంది. "కనబడుతుంటే చదవద్దంటావేంటే!" అంటాడు. కూతురి పెళ్లిలో వచ్చినవాళ్లందరి చీరల రంగులూ పేరుపేరునా చెప్పాడు. అలా ఆయన వెలిగిపోతుంటే నాకూ సంతోషమే. దొంగ సంతోషం కాదు. ఆయన పక్కన ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

కానీ రైఫిలు అప్పగించేశాడు. డాక్టరు మానెయ్యమని అనలేదు. తనే పోలీసు స్టేషనుకి వెళ్లి లైసెన్సుతో సహా ఇచ్చేసి వచ్చాడు. "గురి తప్పిన చేతికి తుపాకీ ఎందుకురా" అన్నాడు. ఆయన గురి తప్పలేదు. ఆ అట్టముక్క లేకపోతే గుళ్లు రెండూ ఆయన గురిపెట్టిన చోటికే వెళ్లేవి. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. తర్వాత ఏ పంది కథ చెప్పినా చివర్లో, "అవన్నీ కళ్లు బాగున్న రోజులు" అని ఆపేస్తాడు.

మంచే జరిగింది కదా అని నన్ను నేను సముదాయించుకోడానికి ఎన్నోసార్లు చూశాను. జరిగిన మంచి నేను చేసింది కాదు. నేను చేసింది వేరే.

పోయిన నెల ఆయన మనవరాలి పుట్టినరోజుకి వెళ్లాం. మళ్లీ అదే పొగడ్త. తర్వాత లోపలికి పిలిచి మంచం మీద వెల్లకిలా పడుకుని, మందు సీసా నా చేతికిచ్చాడు.

"నువ్వు వెయ్యరా. మీ అక్క సగం చెంపల మీద పోస్తుంది."

వంగాను. ఆయన కళ్లు పూర్తిగా తెరిచి నన్నే చూస్తున్నాడు.

"బావా, ఒక మాట" అన్నాను.

"ముందు కదలకుండా వెయ్యి. తర్వాత చెప్పు."

వేశాను. కళ్లు మూసుకుని, చల్లగా ఉందని నవ్వాడు. బయట పిల్ల ఏదో పడేసింది. ఎవరో పకపకా నవ్వారు. ఆయన లేచి అటు పరుగెత్తాడు. నా మాట సంగతి మళ్లీ అడగలేదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద్దున బావ గురి తప్పలేదు. తప్పించింది నేను. కళ్లు చూపించుకోమన్నది ఆయన మీద ప్రేమతో కాదు. ఇన్నేళ్లలో ఈ మాటలు ఒక్కసారి కూడా నా నోటినుంచి రాలేదు. రాయడం అయ్యాక పైకి చదివాను. గొంతు వణికింది. మళ్లీ చదివాను. ఈసారి వణకలేదు.