పొగ లేని ఇల్లు

భూమికి దక్షిణపు కొసనున్న కొయ్‌హాయ్‌కే ఊళ్లో పొరుగింటి సంగతులు తెలియాలంటే నలుగురి నోళ్లూ అక్కర్లేదు, పొగగొట్టాలు చాలు. ఎదువీహెస్ ఓయార్సో రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, వేడి మాతే కషాయం చప్పరిస్తూ వీధి వీధంతా చదివేసేది. దట్టంగా తెల్లటి పొగ వస్తే ఆ ఇంటాయన పచ్చి కట్టెలు కొన్న బద్ధకస్తుడు. తొమ్మిదైనా పొగ లేకపోతే రాత్రి తాగొచ్చాడు. మధ్యాహ్నానికీ లేకపోతే ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. అలా తట్టడానికి చాలాసార్లు ఆమే వెళ్లింది. ఒకసారి తలుపు తీయడానికి లోపల ఎవరూ మిగల్లేదు.

అప్పట్నుంచే ఆమెకు ఆ భయం పట్టుకుంది. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. చావంటే పెద్ద లెక్క లేదు గానీ, పడిపోయి ఎవరికీ తెలియకుండా ఉండిపోవడమంటే గుండె జారిపోయేది. అందుకే ఎదురింటి బెలార్మినోకి తన పొగ మీద ఓ కన్నేసి ఉంచమని చెప్పింది. అతనూ కట్టెలు కొట్టుకుని బతికిన మనిషే, పొగ భాష వచ్చినవాడు.

పాత ఇల్లు పడగొట్టి మందపాటి గోడలతో కొత్తది కట్టించినప్పుడు పేచీ మొదలైంది. కట్టెల పొయ్యి పెట్టాలా, గ్యాసు హీటరా? పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ కాగుతుంటుంది, రొట్టె కాలుతుంది, మేజోళ్లు ఆరతాయి, హీటరు మీద పిల్లి కూడా కూర్చోదని ఎదువీహెస్ వాదించింది. వేరే ఊళ్లో ఉండే కూతురు మిరేయా అన్నీ విని ఒక్కటే అడిగింది.

“డెబ్బై దాటాక మంచులో నిలబడి గొడ్డలితో కట్టెలు చీలుస్తావా అమ్మా?”

అంతకుముందు చలికాలమే ఆమె గొడ్డలితో సహా జారిపడింది. ఆ విషయం కూతురికి తెలియదనుకుంది. గ్యాసు వచ్చింది.

హీటరు వెలిగించిన మొదటి రోజే మధ్యాహ్నానికల్లా సగం వీధి గుమ్మంలో ఉంది. బెలార్మినో చేతిలో పార ఉంది. మంచు తీయడానికన్నాడు, ఎవరూ నమ్మలేదు. ఒకావిడ చావింటికని రొట్టెలు కూడా చేసుకొచ్చింది. ఎదువీహెస్ ఆ రొట్టెలే అందరికీ పెట్టి పంపింది. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చేసరికి ఆమెకు చిర్రెత్తుకొచ్చి, ఇకమీదట పొగ రాలేదంటే తాను గ్యాసు పెట్టుకుని హాయిగా ఉన్నట్టేనని, చచ్చినట్టు కాదని గట్టిగా చెప్పింది. అందరూ సరేనన్నారు. ఈ వీధిలో ఆమె మాట కాదనేవాళ్లు లేరు.

జూలైలో, అక్కడ చలి ఎముకలు కొరికే రోజుల్లో, పొద్దున్నే వంటగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఫోను బల్ల మీద మోగుతోంది, చెయ్యి అందడం లేదు. అరిచింది. గోడలు మందంగా కట్టించారు కదా, బయటికి వినబడలేదు. హీటరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది. కట్టెల పొయ్యయితే ఈపాటికి ఆరిపోయి తాను గడ్డకట్టేదాన్నని నేల మీద పడుకునే ఒప్పుకుంది, ఇష్టం లేకుండానే.

ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తకపోయేసరికి, చీకటి పడే వేళకు మిరేయా బెలార్మినోకి చేసింది. అతను వచ్చి తలుపు బద్దలుకొట్టాడు. ఆమెను చూసి తన కోటు తీసి మీద కప్పాడు.

“పొద్దుట్నుంచీ నీ పొగగొట్టం వంకే చూస్తా కూచున్నానక్కా. పొగ రాలా. అమ్మయ్య, అక్క హాయిగా ఉందిలే అనుకున్నా.”

ఎదువీహెస్ అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చేసింది.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక హీటరు పక్కనే చిన్న ఇనుప పొయ్యి కూడా పెట్టించుకుంది. వెచ్చదనానికి గ్యాసు, పొద్దున నాలుగు పుల్లల మంట వీధి కోసం. పొగ సన్నగా, నీలంగా, ఎవరూ వంక పెట్టలేనట్టు లేచింది. అయినా బెలార్మినో వచ్చి తలుపు తట్టాడు. మర్నాడూ తట్టాడు. ఆమె విసుక్కుంది.

“పొగ కనబడతానే ఉందిగా, మళ్లీ ఎందుకొచ్చావ్?”

“పొగొస్తే కట్టెలు మండుతున్నట్టక్కా,” అన్నాడతను టోపీ తీసి. “నువ్వెట్టా ఉన్నావో అదేం చెబుద్ది?”

ఆమె లోపలికి వెళ్లి అతనికి ఇంకో కుర్చీ లాగింది.